ఇప్పచెట్టు కింది మంట

బోడగుట్ట ఊళ్ళో ఎండాకాలం వచ్చిందంటే ప్రతి చేతిలోనూ ఒక అగ్గిపెట్టె ఉంటుంది. అడిగి చూడండి, ఒక్కరూ ఒప్పుకోరు. గొర్లకాపరులు గుట్ట మీది ఎండుగడ్డికి అంటిస్తారు, వానలు పడగానే లేత పచ్చిక లేస్తుందని. తేనె కొట్టేవాళ్ళు పొగ పెడతారు. బీడీలకు తునికాకు కొనే కాంట్రాక్టరు మనుషులు తునికి పొదలకు అంటిస్తారు, కాలిన మోడుకు లేత ఆకు వస్తుందని. కొమ్మలు కొట్టిస్తే కూడా వస్తుంది, కానీ కొట్టేవాడు కూలి అడుగుతాడు, అగ్గిపుల్ల అడగదు. ఇక ఇప్పపువ్వు ఏరే ఆడవాళ్ళు చెట్టు కింద రాలిన ఆకు కాలబెడతారు. నేల నల్లగా, శుభ్రంగా ఉంటే తెల్లవారేసరికి రాలిన పువ్వు కంటికి కనబడుతుంది. ఎవరి మంట వాళ్ళకు ముద్దు. ఎవరినడిగినా ఒకటే మాట: "మాది గప్పుడే ఆరిపోయింది, అంటుకున్నది వేరేటోళ్ళది." అందరి మంటలూ ఆరిపోతే అడవి ఎట్లా తగలబడుతుందయ్యా అని అడిగిన పుణ్యాత్ముడు ఆ ఊళ్ళో ఇంతవరకు పుట్టలేదు.

డెబ్బై తొమ్మిది ఎండాకాలంలో గుట్ట తగలబడింది. నాలుగు పొదలు నాకి ఊరుకునే మంట కాదది. మిట్టమధ్యాహ్నం లేచి, గాలిని తోడు తెచ్చుకుని, గుట్టంతా ఎక్కి, మళ్ళీ దిగి ఊరి మీదికే వచ్చింది. మగవాళ్ళు పచ్చికొమ్మలు విరుచుకుని కొట్టారు. ఆడవాళ్ళు బిందెలతో ఉరికారు. ఎట్లాగో ఊరు దక్కింది గానీ, ఊరి చివర అడవిని ఆనుకుని ఉన్న బడేబీ ఇల్లు దక్కలేదు. తాటికమ్మల ఇల్లు, ఎంతసేపు కాలుతుంది! కట్టుకొయ్యకున్న పాలబర్రెను విప్పే తీరిక కూడా ఇవ్వలేదు.

మరునాడే ఫారెస్టు గార్డు పాండురంగం సైకిలు మీద వచ్చి, బడేబీ కొడుకు అబ్దుల్ హమీద్‌ను పట్టుకుపోయాడు. హమీద్ కల్లేదారు. అంటే కాంట్రాక్టరు తరఫున ఊళ్ళో తునికాకు కట్టలు తీసుకునేవాడు. నిరుడు పొదలకు నిప్పు పెట్టించింది అతనేనని ఊరందరికీ తెలుసు. ఈ ఏడు పెట్టలేదని, కొమ్మలే కొట్టిస్తున్నానని ఖురాన్ మీద ఒట్టు వేసినా పాండురంగం వినలేదు. "తన ఇల్లు తనే కాలవెట్టుకుంటడా సార్?" అని ఎవరో నసిగితే, "గాలి వాని చుట్టమా, చెప్పినట్టు ఇననీకి?" అన్నాడు. వరంగల్‌లో ఉండే కాంట్రాక్టరు రాజేశ్వర్ రావు ఏమన్నా ఆదుకుంటాడేమో అనుకుంటే, ఇంకొక కల్లేదారును చూడమని కబురు పంపాడు. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పడిగే రకం. ఊళ్ళో మిగతావాళ్ళు నోరు మెదపలేదు. గుమ్మడికాయల దొంగ అంటే అందరూ భుజాలు తడుముకునే ఊరు, ఎవరు మెదుపుతారు?

అందరికంటే ఎక్కువ తడుముకుంది రాజవ్వ.

రాజవ్వకు అరవై దాటాయి. మొగుడు గుండయ్య పోయి చాలా ఏళ్ళయింది. ఒక్క కూతురు సరోజన, వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇంటికి కోడలై వెళ్ళింది. ఇక్కడ రాజవ్వకు ఉన్నది అక్కకొడుకు కొమురెల్లి. పాలు మరవకముందే తల్లి పోతే, తన కూతురితో పాటు గంజి పోసి పెంచింది. ఇప్పుడు వాడికి పెళ్ళాం, ఇద్దరు పిల్లలు, పక్క ఇంట్లోనే కాపురం. ఆమె నోరు పెద్దది. బజారులో మాట అంటే ఊరవతల వినబడుతుంది. అటువంటి మనిషి గుట్ట కాలిన రోజు నుంచి కాలుగాలిన పిల్లిలా ఇంట్లోకీ వాకిట్లోకీ తిరుగుతోంది గానీ మాట మాత్రం పెగలడం లేదు. పొయ్యి ముట్టించబోయి అగ్గిపుల్ల గీయలేకపోయింది. ఛీ పాడు చేయి అని అగ్గిపెట్టె విసిరికొట్టి, కొమురెల్లి పెళ్ళాం రాజేశ్వరిని పిలిచి ముట్టించమంది.

జరిగింది ఇది. ఆ రోజు పొద్దున్నే రాజవ్వ తన ఇప్పచెట్టు దగ్గరికి వెళ్ళింది. పువ్వు ఏరుకుంది. ముందురోజు గాలికి ఆకు మళ్ళీ కుప్పగా రాలి ఉంది, దాన్ని ఊడ్చి అంటించింది. చేతిలో పచ్చికొమ్మ పట్టుకుని చుట్టూ కొట్టుకుంటూ, మంటను చెట్టు నీడ దాటనీయకుండా కాస్తోంది. ఎన్నో ఏళ్ళుగా చేస్తున్న పనే. అంతలో కొమురెల్లి వచ్చాడు. ఆ ఎండాకాలమే వాడికి అడవి శాఖలో ఫైర్ వాచరు పని దొరికింది. మంటలు పడకుండా కాపలా కాయాలి. ఎండాకాలం దాకానే పని. కానీ ఈ ఏడు బాగా చేస్తే పర్మినెంటు చేయిస్తానని పాండురంగం ఆశ పెట్టాడు. ఆ మాట చెవిన పడ్డప్పటి నుంచి కొమురెల్లి మనిషి మనిషిగా లేడు. కాపరుల దగ్గర అగ్గిపెట్టెలు గుంజుకున్నాడు, తేనెవాళ్ళ వెంటపడ్డాడు, చివరికి బీడీ తాగే ముసలోళ్ళను కూడా వదల్లేదు.

"చిన్నమ్మా, నీ కాల్మొక్త, ఆర్పు," అన్నాడు. "సొంతింటోళ్ళే కాలవెడితె నేను ఊరోళ్ళకేం చెప్పాలె?"

"ఆర్పుతాన్న గదరా! కండ్లు కనవడ్తలెవ్వా?"

"ఇప్పుడే ఆర్పు. గార్డు సారు చూసిండంటె నా నోట్లె మన్నే."

రాజవ్వకు అరికాలి మంట నెత్తికెక్కింది. "గంజి పోసి సాకిన దాన్ని, నాకే నేర్పుతానవా? జీతం తింటాంది నువ్వు, ఆర్పుకోపో!" అని కొమ్మ వాడి కాళ్ళ ముందు పారేసి, గంప నెత్తినెత్తుకుని, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేసింది. కింద ఇంకా ఆకు కాలుతూనే ఉంది. ఆ మధ్యాహ్నమే గుట్ట లేచింది.

ఇక ఆమెకు వేరే లెక్క ఎందుకు? తన మంటే. కోపం వచ్చి వదిలేసిన మంటే గుట్టనెక్కింది, బడేబీ ఇంటిని మింగింది. కొమురెల్లిని అడుగుదామంటే వాడు దొరకడం లేదు. పొద్దున వెళ్ళినవాడు పొద్దుగూకి వస్తాడు, తిని ముసుగు తన్ని పడుకుంటాడు. ఆమె వాకిట్లో కనబడితే తల దించుకుంటాడు. నా తప్పు నా మొహం మీద అనలేక వాడు అట్లా తిరుగుతున్నాడు, ఎంత బాధపడుతున్నాడో బిడ్డ, అనుకుంది రాజవ్వ.

బడేబీ బడి వరండాలో ఉంటోంది. రాజవ్వ రోజూ గంజి పట్టుకుపోయేది. ఇద్దరూ చిన్నప్పటి నుంచి ఒకే చెట్ల కింద పువ్వు ఏరినవాళ్ళు. "మీరు సారా కాసుకోని తాగుండ్రి, మాకు ఉడకవెట్టి తింటె సాలు," అని బడేబీ ఎగతాళి చేస్తే, "తాగకుంట ఎట్ల బతుకుతాన్నవే నువ్వు!" అని రాజవ్వ నవ్వేది. ఇప్పుడు నవ్వూ లేదు, ఎగతాళీ లేదు. బడేబీ పక్కన బూడిదలోంచి ఏరి తెచ్చుకున్న ఇత్తడి చెంబు ఒకటి వంకరపోయి ఉంది. కోడలు షహనాజ్ బేగం పిల్లను ఒళ్ళో వేసుకుని గోడ వైపు తిరిగి కూర్చుంది.

"రాజవ్వా, జర కూసో," అంది బడేబీ. "నీకొక్కదానికే చెప్తాన్న. మావోడు పెట్టలేదనే అంటాండు. నేను నమ్మిన అని చెప్పిన. కానీ కడుపుల గుబులు పోతలేదు. నిరుడు పెట్టిండు గద? ఈసారి పెట్టలేదని నాకేం ఎర్క? తల్లినై కూడ నమ్ముత లేనే, తౌబా తౌబా!"

"హమీదు పెట్టలేదు," అంది రాజవ్వ.

"నీకెట్ల ఎర్క?"

రాజవ్వ గంజి గిన్నె మీది మూత తీసింది. "పెట్టలేదంటె పెట్టలేదు. తిను, గంజి సల్లారిపోతాంది."

"ఎవడు పెట్టిండో గాని," బడేబీ రెండు చేతులూ పైకెత్తింది, "వాని చేతులు ఇరిగి పడిపోను! నా బర్రె ఎట్ల అరిచింది, ఎట్ల గింజుకున్నది! వాని కడుపు గట్లనే కాలిపోను. యా అల్లా, వాని ఇంట దీపం లేకుంట చెయ్యి!"

శాపాలు ఒక్కొక్కటీ ఎదురుగా కూర్చున్న రాజవ్వ నెత్తి మీద పడ్డాయి. ఆమె లేవలేదు. బడేబీ తిట్టి తిట్టి అలిసిపోయి, "ఆఁ, గిన్నె ఇటియ్యి," అనే దాకా కూర్చుని, ఆమె గంజి తాగిందాకా కూర్చుని, గిన్నె కడుక్కుని వచ్చింది. దారిలోనే తేల్చుకుంది. రేపు జీపులో ఫారెస్టు పెద్ద సారు ఆఫీసుకు వస్తున్నాడట, హమీద్‌ను ఆయన ముందు పెడతారట. పోయి నేనే పెట్టిన అని చెప్పేస్తే సరిపోతుంది. ముసలిదాన్ని, నన్నేం చేస్తారు? చేస్తే చేయనీ. తప్పు చేసి ఇంకొకరి బిడ్డను జైల్లో పెట్టించి నేను గంజి పోస్తూ తిరగడం ఏమిటి, థూ నా బతుకు!

అట్లా అనుకున్నాక ప్రాణం కొంత కుదుటపడింది. పడ్డా నిలవలేదు. చెట్టును ఒకసారి చూడాలనిపించింది. దాని కింద నుంచి మంట ఎటు పాకిందో, ఎట్లా పాకిందో చూసి, అడిగితే సరిగ్గా చెప్పాలి గదా. ఎండ చల్లబడకముందే కొంగు నెత్తి మీద వేసుకుని బయలుదేరింది.

దారి పొడుగునా కాలిన మోడులు. కాలిన చోట నడుస్తుంటే చెప్పుల్లోంచి కూడా వేడి తగులుతున్నట్టుంది. రాజవ్వ గుండె గట్టి చేసుకుని చెట్టు దగ్గరికి చేరింది. చూసి నిలబడిపోయింది.

ఇప్పచెట్టు నిక్షేపంగా ఉంది! కింద తాను కాలబెట్టిన నల్లని గుండ్రం ఉంది. ఆ గుండ్రం చుట్టూ ఎండుటాకులు ఎర్రగా, పెళుసుగా, ఒక్కటీ కాలకుండా ఉన్నాయి. నేల మీద కొమ్మతో కొట్టిన చారలు ఉన్నాయి. తాను పారేసిన కొమ్మ అక్కడే, ఆకులు కమిలిపోయి పడి ఉంది. ఎవరో ఆర్పారు. ఎవరో ఏమిటి, కొమురెల్లే. తను తిట్టి వచ్చేశాక, వాడు ఆ కొమ్మే అందుకుని, నిలబడి, చివరి పొగ దాకా ఆర్పి వెళ్ళాడు.

రాజవ్వ చెట్టును పట్టుకుని బోరున ఏడ్చింది. "నాది గాదే! బడేబీ, నాది గాదే తల్లీ!" అని ఎవరూ లేని అడవిలో గట్టిగా అరిచింది. ఎన్నాళ్ళకో కడుపు నిండా ఊపిరి తీసుకుంది. కొమురెల్లిని తలుచుకుని వాడి నెత్తి మీద చేయి పెట్టాలనిపించింది. పిచ్చి సన్నాసి, ఈ మాట ముందే చెప్పి ఉంటే నాకింత నరకం ఎందుకు?

అవును, ఎందుకు చెప్పలేదు?

ఆ ప్రశ్న మనసులో పడగానే ఏడుపు ఆగింది. కళ్ళు తుడుచుకుని చుట్టూ చూసింది. మంట మొదలైంది చెట్టు దగ్గర కాదు, ఎడమవైపు, దిగువ నుంచి. అటు నడిచింది. నాలుగు పొదలు దాటితే ఫైర్ లైను. అడవి అంచున బండి బాటంత వెడల్పున పోయే పట్టీ అది. చలికాలంలో, పొద్దున మంచు తడి ఉండగానే, అందులో గడ్డి కోసి కాలబెట్టి నేల నున్నగా చేయాలి. ఎండాకాలంలో మంట వస్తే అక్కడ తినడానికి ఏమీ దొరక్క ఆగిపోతుంది. ఈ ఏడు చలికాలంలో ఆ పని ఎవరూ చేయలేదు. గుట్ట కాలిన రోజు పొద్దున కూడా అక్కడ నడుము ఎత్తు గడ్డి ఉంది. ఆ గడ్డిలోంచే గంపతో వచ్చింది తను, చీరకు అంటిన ముళ్ళు ఇంటికొచ్చి తీసుకుంది.

ఇప్పుడు లైను నల్లగా, నున్నగా, రోడ్డులా ఉంది. దాని పక్కన రాళ్ళకు కొమురెల్లి సున్నం వేస్తున్నాడు. కాలిన నేల మీద తెల్లగా మెరుస్తున్నాయి రాళ్ళు. చేతిలో కుంచె, పక్కన సున్నం బకెట్టు. అలికిడికి తలెత్తి చూసి, కుంచె అక్కడే వదిలేసి లేచి నిలబడ్డాడు.

"ఇదెప్పుడు కాలవెట్టిన్రు బిడ్డా?" అంది రాజవ్వ.

వాడు కాలితో సున్నం బకెట్టును పక్కకు జరిపాడు.

"నిన్నే అడుగుతాన్న. నా మంట ఆర్పి వచ్చి, ఇది కాలవెట్టినవా?"

"నేను చెయ్యనన్న చిన్నమ్మా," అన్నాడు. "సాబ్ జీపుల వస్తాండని కబురొచ్చింది. లైను చూస్తడట. చలికాలంలనే చేసినమని పాండురంగం సారు ఎప్పుడో రాసి పంపిండట. ఇయ్యాల్నే కాలవెట్టు, నల్లగ కనవడితె సాలు, ఎప్పుడు కాలవెట్టినమో సాబ్‌కేం ఎర్క అన్నడు. ఎండల వద్దు సార్, గాలి లేస్తది, మనుషులు లేరు అని మొత్తుకున్న. పర్మినెంటు కావాల్నా వద్దా అన్నడు. నేనొక్కణ్ణే ఎంత దాక కొట్టాలె? ఒక దిక్కు ఆర్పితె ఇంకో దిక్కు లేచింది. అరిచిన. ఎవ్వలు రాలె."

ఎవరు వస్తారు? ఊరందరితో తగువు పెట్టుకుని ఉన్నాడాయె.

"మరి హమీదు?"

"వాడు నిరుడు పెట్టలేదా?"

"నిరుడు పట్టుకోవాల్సింది. చెయ్యనిదానికి పట్టుకుంటె గదేం నాయం? బడేబీ బడి అరుగు మీద పన్నది. కన్నకొడుకును నమ్మలేక ఏడుస్తాంది. నేనైతె నాదే మంట అని సగం సచ్చిన. నువ్వు నోరు తెరిచి ఒక్క మాట అంటె ఏం పోయింది?"

"పని పోతది," అన్నాడు కొమురెల్లి. "పని పోవుడే గాదు, నన్నే జైల్ల ఏస్తరు. గార్డు ఏమంటడు? నేను చెప్పిన్నా, నాకేం ఎర్క, వాడే పెట్టిండు అంటడు. పిల్లలున్నరు చిన్నమ్మా." ఆమె కాళ్ళ మీద పడ్డాడు. సున్నం చేతులు ఆమె పాదాలకు చల్లగా తగిలాయి. "నా పేరు చెప్తవా?"

రాజవ్వ వంగి వాడి చేతులు విడిపించుకుంది. వచ్చేటప్పుడు తేలికగా ఉన్న పని ఇప్పుడు కొండయింది. తన తప్పే అయి ఉంటే ఎంత బాగుండేది! చెప్పేసి చేతులు దులుపుకునేది. తనది కాదని తెలిశాకనే అసలు చిక్కు వచ్చి పడింది. చెప్తే ఈ పిల్లాడు పోతాడు. చెప్పకపోతే ఆ పిల్లాడు పోతాడు.

"నీ పేరు నా నోట రాదు," అంది చివరికి. "లే. రేపు ఆఫీసుకు నేను గూడ వస్త."

కొమురెల్లి మొహంలో బరువు దిగడం ఆమె చూసింది. అది ఆమెకు నచ్చలేదు. భయం గదా, భయంలో మనిషి అట్లనే ఉంటాడు, రేపటికి తెలివి వస్తుంది అని తనకు తనే సర్దిచెప్పుకుంది. ఇంటికి వచ్చి, పడుకుని, లేచి, కూర్చుని, మళ్ళీ పడుకుని, పొద్దు పొడిచేలోగా ఒక నిర్ణయానికి వచ్చింది. నేనే పెట్టానంటాను. హమీద్ బయటికి వస్తాడు. నేనంటుంటే కొమురెల్లి చూస్తూ ఊరుకోడు. ఎందుకు ఊరుకుంటాడు, నేను సాకిన పిల్లాడు! "చిన్నమ్మ గాదు సార్, నేను," అంటాడు. గార్డు పేరూ చెప్తాడు. పెద్ద సారు ముందు చెప్తే గార్డు బుకాయించలేడు. వాడే నోరు విప్పితే వాడి పరువు నిలబడుతుంది, నేను విప్పించినట్టూ ఉండదు. ఆలోచన బాగానే ఉందనిపించింది.

ఫారెస్టు రేంజి ఆఫీసుకు బస్సులో పోవాలి. వరంగల్ పోయే బస్సు అది, నిలబడ్డానికి కూడా చోటు లేదు. బడేబీ రాజవ్వ చేయి పట్టుకునే ఎక్కింది, చేయి పట్టుకునే దిగింది. "నువ్వు వచ్చినవు, అదే మస్తు," అంది. కొమురెల్లి ముందే వెళ్ళి ఖాకీ చొక్కా వేసుకుని పాండురంగం పక్కన నిలబడి ఉన్నాడు.

పెద్ద సారు పేరు సారంగపాణి. చెడ్డవాడేం కాదు, తొందరలో ఉన్నాడు. బల్ల ముందు హమీద్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. గడ్డం మాసి, పెదవి పగిలి, ఇన్నాళ్ళలోనే సగం అయ్యాడు. కొడుకును చూడగానే బడేబీ కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఒప్పుకుంటవా?" అన్నాడు సారంగపాణి.

"ఈ ఏడు నేను పెట్టలేదు సార్," అన్నాడు హమీద్.

"దొరా," అంది రాజవ్వ. అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది గొంతు. "ఆ పిలగాన్ని ఇడిసిపెట్టు. అగ్గి వెట్టింది నేను."

అందరూ అటు తిరిగారు. బడేబీ కొంగు నోట్లోంచి జారిపోయింది.

"ఇప్పపువ్వుకు పోయిన. ఆకు కాలవెట్టిన. కోపమొచ్చి ఆర్పకుంట వచ్చిన." ఇందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. అందుకే తడబడకుండా చెప్పగలిగింది. చెప్తున్నంతసేపూ పెద్ద సారును చూడలేదు, కొమురెల్లినే చూసింది. వాడు గోడ మీది కేలండరు చూస్తున్నాడు.

సారంగపాణి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఈ పిలగాణ్ణి ఇడిపిచ్చెటందుకు అంటున్నవా ముసలమ్మా? ఇప్పుడెందుకు చెప్తున్నవు? ఎవరన్న చూసిన్రా?"

"మా వాచరు చూసిండు సార్," అన్నాడు పాండురంగం, ఒక్క క్షణం ఆలస్యం చేయకుండా. "ఆ పొద్దు వానిది అటే డ్యూటీ. చెప్పరా!"

గదిలో ఫ్యాను తిరుగుతోంది. చెప్పు బిడ్డా, అనుకుంది రాజవ్వ. ఇప్పుడు చెప్పు. నీ వెనుక నేనున్నా, నీ పిల్లలకు గంజి నేను పోస్తా, నిన్ను సాకిన చేతులు ఇంకా పడిపోలేదు, చెప్పరా నా తండ్రి!

కొమురెల్లి కేలండరు మీద నుంచి చూపు దించాడు. ఆమె వైపు మాత్రం తిప్పలేదు.

"చూసిన సార్," అన్నాడు. "వద్దని మొత్తుకున్న. ఇనలేదు."

అందులో కూడా అబద్ధం లేదు. రాజవ్వ బల్ల అంచు పట్టుకుంది. ఆ తర్వాత ఎవరేం మాట్లాడారో ఆమెకు సరిగ్గా వినబడలేదు. ఎవరో ఆమె బొటనవేలికి సిరా రాసి కాగితం మీద అదిమారు. కేసు ఉంటుందని, పిలిచినప్పుడు రావాలని, ముసలిదానివి గనుక ఇప్పటికి ఇంటికి పొమ్మని సారంగపాణి అన్నాడు. హమీద్‌ను పొమ్మన్నాడు.

బయట వేపచెట్టు కింద బడేబీ కొడుకు మొహమంతా తడిమి తడిమి చూసుకుంది. "నువ్వు పెట్టలేదురా! నువ్వు పెట్టలేదు!" అని ఏడ్చింది, నవ్వింది. తర్వాత రాజవ్వ దగ్గరికి వచ్చింది. కొడుతుందేమో అనుకుంది రాజవ్వ. కొట్టినా బాగుండేది.

"నా పక్కన కూసోని నా శాపాలు ఇన్నవు," అంది బడేబీ. "గంజి తాపినవు. అన్ని దినాలు నా కొడుకు లోపటుంటె గంజి తాపినవు గదనే!" ఆమె కొంగు నడుముకు చుట్టుకుంది. "నేను వరంగల్ పోతాన్న, మండిబజార్ల నా బిడ్డ అత్తగారింటికి. కోడల్ని, పిల్లను గూడ ఆడికే పిలిపిచ్చుకుంట. ఇగ ఆ ఊర్ల నాకేమున్నది?"

రాజవ్వ నోరు తెరిచింది. తెరిస్తే కొమురెల్లి పేరు వస్తుంది. మళ్ళీ మూసుకుంది. బడేబీ కొడుకు చేయి పట్టుకుని బస్టాండు వైపు నడిచింది, తిరిగి చూడలేదు.

వరంగల్ బస్సు వెళ్ళిపోయింది, ఊరికి పోయే బస్సుకు ఇంకా టైముంది. రాజవ్వ బస్టాండులో సిమెంటు బల్ల మీద కూర్చుంది. కొంతసేపటికి కొమురెల్లి వచ్చాడు. చేతిలో మిరపకాయ బజ్జీల పొట్లం ఉంది. ఆమె పక్కన కూర్చోవాలో, నిలబడాలో తెలియక అటూ ఇటూ మసిలాడు. పొట్లం విప్పి ఆమె ముందు పెట్టాడు.

"పొద్దటి సంది ఏం తినలే. తిను చిన్నమ్మా," అన్నాడు. "నీకేం కాదు. కేసు నడవదట, గార్డు సారు చెప్పిండు. నువ్వు ఫికర్ చెయ్యకు."

రాజవ్వ పొట్లం ముట్టలేదు. కోపంగా కూడా చూడలేదు. బొటనవేలి సిరాను కొంగుతో రుద్దుకుంటూ మెల్లగా అడిగింది:

"నువ్వు చూసినవు గద బిడ్డా. నేను ఆర్పకుంట వచ్చినంక, ఆ మంట గుట్ట మీదికి ఎట్ల పోయిందో జర చెప్పు. ఊర్లకు పోంగనే అందరు అడుగుతరు. నాకు ఎర్కలేదు."